ఇరవై నంబరు బిళ్ళ, మూడు ఎడిషన్లు

నేను ఒక హౌసీ బిళ్ళను. పాత అర్ధరూపాయంత ఉంటాను. ఎర్ర ప్లాస్టిక్కు ఒళ్ళు, దాని మీద గుంటపడేట్టు ఒత్తిన అంకె ఇరవై. నవ్వకండి. హౌసీ బిళ్ళకు ఆత్మకథేమిటి, దాని మొహానికి అనుకుంటున్నారని నాకు తెలుసు. ముందు వినండి, నవ్వడం తరవాత చూసుకుందురుగాని. ఒకే ఆటను మూడు ఎడిషన్లలో చూసినదాన్ని నేను. ఆరు దీవులు దాటినదాన్ని. ఒక పెద్దమనిషి చేసిన మోసానికి ఏకైక సాక్షిని. ఒక బిళ్ళకు ఇంతకంటే ఏం కావాలండీ!

నేను పుట్టింది రాజమండ్రి అవతల ఒక ప్లాస్టిక్ అచ్చుల షెడ్డులో. మేం తొంభై మందిమి ఒకే కాన్పు. ఒక అట్టపెట్టె, ఒక గుడ్డసంచీ, గుంటల బోర్డు ఒకటి, ఇదీ మా సంసారం. కాకినాడ ఆడవాళ్ళ క్లబ్బు సెక్రటరీ ఇంద్రాణి గారు మమ్మల్ని కొని తెచ్చారు. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఆవిడ సంచీలో చెయ్యి పెట్టి మమ్మల్ని ఒక్కొక్కర్నీ తీసి గొంతెత్తి చదివేవారు. తొంభై బయటికొస్తే హాలంతా గోల. పదకొండు వస్తే ఈలలు. నేనొస్తే ఏముంది? "టూ అండ్ జీరో, బ్లైండ్ ట్వంటీ" అనేసి పక్కన పెట్టేవారు. అంతే నా వైభవం! మూడేళ్ళు అలా గడిపాను. తొంభైగాడి పొగరు చూసి కుళ్ళుకున్నానని ఒప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. హౌసీలో తీసిన బిళ్ళ మళ్ళీ సంచీలోకి వెళ్ళదు. బోర్డు మీద తన గుంటలో కూర్చుంటుంది. ఆట అయ్యేదాకా అక్కడే. కాకినాడలో పెళ్ళిళ్ళలో, కాలనీ ఫంక్షన్లలో, రైలు ప్రయాణాల్లో ఎక్కడ హౌసీ ఆడినా ఇదే ధర్మం. దీన్ని ఎవరూ ఎవరికీ నేర్పరు, అందరికీ వచ్చేస్తుంది. నా కథంతా దీని మీదే నడిచింది.

ఇంద్రాణి గారి తమ్ముడు పతంజలి. కాకినాడ పోర్టులో టాలీ క్లర్కు, అంటే ఓడలోంచి దిగే బస్తాలు లెక్కపెట్టే ఉద్యోగం. తొంభై మూడులో ఆఫీసు పని మీద మద్రాసు వెళ్ళి, అక్కడ ఎవరి దగ్గరో ఒక ఇంగ్లీషు ఆట పుస్తకం చూసి, రాత్రికి రాత్రి జిరాక్సు తీయించుకుని స్పైరల్ కట్టించుకుని వచ్చాడు. ఆ ఆటను వీళ్ళంతా 'ఏడు దీవులు' అనేవారు. దానికి బోర్డు లేదు, పావులు లేవు. ఒకాయన సూత్రధారి. ఎదురుగా ఏముందో ఆయన చెబుతాడు: చీకటి గుహ, తెగిన తాడు, కోపంగా ఉన్న రాజు. మిగతావాళ్ళు తలా ఒక మనిషిని సృష్టించుకుని, ఆ మనిషి ఏం చేస్తాడో చెబుతారు. చేసింది ఫలిస్తుందా లేదా అన్నది ఇరవై మొహాల పాచిక తేలుస్తుంది. ఒకటి పడితే కొంప మునిగినట్టే. ఇరవై పడితే అద్భుతం!

మళ్ళీ చెప్పనా? ఇరవై పడితే అద్భుతం!

అయితే కాకినాడలో ఇరవై మొహాల పాచిక ఎవడమ్ముతాడు? పతంజలి మెయిన్ రోడ్డులో ఫ్యాన్సీ షాపులన్నీ తిరిగాడు. ఒక షాపాయన లూడో పాచిక చేతిలో పెట్టి, "ఆరు మొహాలదే అమ్ముడుపోక సస్తున్నామండి. ఇరవై మొహాలేంటండీ బాబూ, రావణాసురుడికి డబులా?" అన్నాడట. పతంజలి నేరుగా అక్కగారి బీరువా దగ్గరికి వచ్చి, పెట్టె తెరిచి, ఒకటి నుంచి ఇరవై దాకా మమ్మల్ని ఏరి, చీరల కొట్టువాడిచ్చిన చిన్న గుడ్డసంచీలో పోసుకుని జేబులో వేసుకున్నాడు. తొంభైగాడు పెట్టెలోనే ఉండిపోయాడు. ఆ రోజు నా సంతోషం ఏమని చెప్పను!

శుక్రవారం క్లబ్బులో సంగతి బయటపడింది. ఇంద్రాణి గారు పోర్టు గేటు దగ్గరికే వచ్చేశారు. "ఒరేయ్ పతంజలీ, ఇరవై మంది పిల్లల్ని ఎత్తుకుపోయావు కదరా! మా వాళ్ళకి ఏం సమాధానం చెప్పనురా?" అని కేకలేశారు. చివరికి ఆవిడే మందుల డబ్బా అట్ట కత్తిరించి, ఇరవై ముక్కలు చేసి, స్కెచ్ పెన్నుతో అంకెలు వేసుకున్నారు. ఆ అట్టముక్క నా స్థానంలో ఎలా వెలగబెట్టిందో నాకు తెలియదు, అక్కర్లేదు కూడా.

సూత్రధారి పతంజలే. ఆట జరిగేది జగన్నాథపురంలో, సుభానీ గారి మోటార్ రీవైండింగు షాపు మేడ మీద. సుభానీ కాలిపోయిన మోటార్లకు రాగి తీగ చుట్టే మనిషి. పెద్ద చేతులు, చిన్న మాట. ఆదివారం మధ్యాహ్నం షాపు మూసి, కాయిల్సు చుట్టే బల్ల తుడిచి, మూడు స్టూళ్ళు వేసేవాడు. వార్నిష్ వాసన, టీ, గొట్టం కాజాలు. ఆయన సృష్టించుకున్న మనిషి పేరు ఫకీరప్ప. తెడ్డు వేసే బలశాలి, తెలివి కొంచెం తక్కువ.

మూడో మనిషి హైమావతి గారు. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరు. ఆవిడ సృష్టించుకున్నది కనకం, రేవులో జనాన్ని దాటించే పడవ మనిషి. మొదటి ఆదివారం సంచీ ఆవిడ ముందు పెడితే చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నా చెయ్యి మంచిది కాదండీ. డిపార్టుమెంటు పరీక్ష మూడుసార్లు రాశాను, మూడుసార్లూ ఒకట్రెండు మార్కుల్లోనే పోయింది. నేను తీస్తే మీరంతా మునిగిపోతారు."

"మునిగితే ఈదుదామండి, ఏముంది!" అన్నాడు సుభానీ.

తీసింది. రెండు వచ్చింది. పడవకు చిల్లు పడింది. అందరూ నవ్వారు, ఆవిడ తప్ప. పతంజలి ఏం చేశాడనుకున్నారు? ఆ రెండో నంబరు బిళ్ళను తీసి బల్ల మీద, అందరికీ కనబడేట్టు పెట్టాడు. మళ్ళీ సంచీలో వెయ్యలేదు! ఎందుకు వేస్తాడు? పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ హౌసీ ఆడినవాడు. సంచీ, బిళ్ళలు కనబడగానే చెయ్యి దానంతటదే ఆ పని చేసింది. మిగతా ఇద్దరూ కూడా హౌసీవాళ్ళే కనుక వాళ్ళకీ అనుమానం రాలేదు. ఇరవై బిళ్ళలూ అయిపోయాక సంచీ మళ్ళీ నింపేవారు. అలా ఎనిమిదేళ్ళు ఆడారు మహానుభావులు.

దాంతో ఆట స్వరూపమే మారిపోయింది. బల్ల మీద ఏవి ఉన్నాయో చూస్తే సంచీలో ఏవి మిగిలాయో తెలిసిపోతుంది కదా! "ఒకటి పోయింది, రెండు పోయింది, నాలుగు పోయింది. ఇక మనకు భయం లేదండోయ్" అని లెక్కలు వేసుకునేవారు. చెడ్డ అంకెలు మిగిలినప్పుడు ఫకీరప్ప అవసరం లేకపోయినా కొబ్బరిచెట్టు ఎక్కుతానని, మొసలికి జోల పాడతానని బయల్దేరేవాడు. ఎందుకు? ఆ పనికిమాలిన పనికి ఒక చెడ్డ అంకె ఖర్చయిపోతుందని! చెట్టు మీంచి పడేవాడు, మొసలి కరిచేది, వాడి ఒళ్ళంతా కట్లు. కానీ తరవాత తీసే హైమకు మంచి అంకెలు మిగిలేవి. ఇంకొకరి చెడ్డ అంకెను మన మీద వేసుకునే ఆట మీరెక్కడైనా చూశారా?

మోసం మాత్రం లేదు. ఆ చట్టం పెట్టింది సుభానీయే. "తడిమేది లేదండి. ఒకటి, రెండు, మూడు అనేలోపు చెయ్యి బైటికి రావాల" అనేవాడు. ఒకసారి పతంజలి చెయ్యి సంచీలో ఇంకాస్త సేపు ఉందని, సూత్రధారి అని కూడా చూడకుండా ఆ బిళ్ళ రద్దు చేయించాడు. అంత కచ్చితమైన మనిషి.

నా సంగతి అడగరేం? నేను రాజును! నేను బయటికి వచ్చినప్పుడల్లా స్టూళ్ళు వెనక్కి పడేవి. కనకం తుఫానులో పాముల దీవి దాటింది నావల్లే. ఫకీరప్ప కోపంగా ఉన్న రాజును నవ్వించింది నావల్లే. సంచీ ఒక చుట్టు తిరిగేలోపు నేను వచ్చి తీరతానని అందరికీ తెలుసు. అందుకని ఎంత చెడ్డ ఆదివారమైనా ఎవరూ మొహం వేలాడేసుకోలేదు. హైమ ఒకసారి టీ తాగుతూ అన్నది: "ఊరందరి మాటలూ కలుపుతాను పతంజలి గారూ, నాకని ఒక్క ఫోను రాదు. కనకం కూడా అంతే, అందర్నీ ఒడ్డుకి చేరుస్తుంది, దానికో ఒడ్డు లేదు. దీన్ని ఏడో దీవికి చేర్చాలండీ. నా జన్మలో ఒక్కదాన్నైనా చేర్చాలి." ఆ మాట విన్నాక నాకు ఇక వేరే పని లేదనిపించింది. కనకం ఏడో దీవి చేరాలి, అంతే.

రెండువేల ఒకటికి ఆరు దీవులు అయ్యాయి. ఏడోదాని ముందు ఒక జలసంధి. అక్కడికి వచ్చి ఆగిన ఆదివారం ఇంద్రాణి గారి అమ్మాయి జాహ్నవి మేడ మెట్లెక్కి వచ్చింది. వాల్తేరులో స్టాటిస్టిక్సు ఎమ్మెస్సీ చదువుతున్న పిల్ల. చేతిలో రెండో ఎడిషన్.

కొత్త ఒక వింత, పాత ఒక రోత అని ఊరికే అన్నారా! ముగ్గురూ దాని మీద పడ్డారు. నాకు ఒళ్ళు మండింది కానీ నిష్పక్షపాతంగా చెబుతాను. మా మొదటి ఎడిషన్ అరవై నాలుగు పేజీలు. అందులో నియమాలు అర పేజీ, మిగతాదంతా గాలి, ఉప్పు, భయం. రెండో ఎడిషన్ మూడువందల నలభై పేజీలు. తడి తాడు ముడి విప్పడానికి ఒక పట్టిక, పొడి తాడుకు ఇంకో పట్టిక! గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకండీ? అయినా బొమ్మలు బాగున్నాయి, ఒప్పుకుంటాను. సముద్రపు పటం మడతలు విప్పితే బల్లంతా పరుచుకుంది. దాంతోపాటు వచ్చాడు వాడు. నీలంరంగు పాచిక, ఇరవై మొహాలవాడు. మేం ఇరవై మందిమి చేసే ఉద్యోగం ఒక్కడే చేస్తాడట! వాడు బల్ల మీద గడగడా దొర్లి, ఆగీ ఆగనట్టు ఊగి, ఒక మొహం చూపించే ఆ క్షణం ఉంది చూశారూ, నిజం చెప్పొద్దూ, నాకే గుండె జారింది.

జాహ్నవి మా బల్ల వైపు చూసి అడిగింది, "మావయ్యా, తీసిన బిళ్ళలు మళ్ళీ సంచీలో వెయ్యరేంటి?"

"ఎందుకే వెయ్యడం?" అన్నాడు పతంజలి.

"పుస్తకంలో పాచిక అని ఉంది కదా! ప్రతిసారీ ఇరవై అంకెలూ ఉండాలి. మీరు ఇన్నాళ్ళూ ఇలాగే ఆడారా?"

ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తరవాత పతంజలి నవ్వడం మొదలుపెట్టాడు. సుభానీ బల్ల గుద్ది మరీ నవ్వాడు. ఎనిమిదేళ్ళ ఆటా తప్పేనన్నమాట! హైమ మాత్రం నవ్వలేదు. "అయితే చెడ్డవి అయిపోవడమంటూ ఉండదా, జాహ్నవీ?" అని అడిగింది.

"ఉండదు పిన్నీ. పాచికకి జ్ఞాపకం ఉండదు. ఇప్పుడు ఒకటి పడినా, వెంటనే మళ్ళీ ఒకటి పడడానికి అంతే అవకాశం."

నిజమే చెప్పింది పిల్ల. ఆ నిజంతోనే ఆ రోజు ఆడారు. కనకం వంతు వచ్చినప్పుడల్లా హైమ పాచిక వేసింది. ఒకటి. మూడు. ఒకటి. రెండు. తెరచాప పోయింది, తెడ్డు పోయింది, పడవ జలసంధి మొదట్లో రాతికి చిక్కుకుంది. ఫకీరప్ప అడ్డం పడదామన్నా దారిలేదు. పాచిక దగ్గర ఎవరిది వాళ్ళదే. మేం ఇరవై మందిమీ సంచీలో ఉక్కిరిబిక్కిరయ్యాం. చెయ్యి పెడితే కదా బయటికి రావడం!

ఆ నెలలోనే ఎక్స్‌ఛేంజి ఆటోమేటిక్ అయింది. హైమను బిల్లుల కౌంటర్లో కూర్చోబెట్టారు. నాలుగో పరీక్ష కూడా పోయింది. ఆ తరవాతి ఆదివారం ఆట మధ్యలో ఆవిడ పాచికను జాహ్నవి ముందుకు మెల్లగా జరిపి లేచింది.

"ప్రతిసారీ ఈసారి కాకపోతే వచ్చేసారి అనుకున్నానండీ. చెడ్డవి అయిపోతున్నాయిలే అనుకున్నాను. ఈ సంచీని చూసే అనుకున్నాను. బయటా పాచికలే, ఇక్కడా పాచికలేనా? నేను వెళ్ళొస్తాను."

మళ్ళీ రాలేదు. పతంజలి ఫోను చేశాడు, సుభానీ ఇంటికి వెళ్ళి పిలిచాడు. "పనుందండీ" అనేది. నాలుగు ఆదివారాలు జాహ్నవితో కలిపి మిగిలిన ముగ్గురూ రెండో ఎడిషన్ పట్టికలతో కుస్తీ పట్టి మానేశారు. కనకం అదే రాతి మీద, ఫకీరప్ప ఆ పక్కన, పతంజలి ఆట రాసుకునే ఫైల్లో ఉండిపోయారు. మా సంచీని సుభానీ మేడ మీద ఒక మేకుకు తగిలించాడు. పద్నాలుగేళ్ళు వేలాడాను. మోటార్లు బాగై వెళ్ళాయి, మళ్ళీ కాలి వచ్చాయి. ఎవరైనా పైకి వస్తే చాలు, ఇదిగో తీస్తారు, ఇదిగో తీస్తారు అని ఎగిరిపడేదాన్ని. బల్బు మార్చి వెళ్ళిపోయేవారు.

రెండువేల పదిహేనులో జాహ్నవి హైదరాబాదు నుంచి వచ్చింది. ఇన్సూరెన్సు కంపెనీలో లెక్కలు వేసే ఉద్యోగం. నేరుగా షాపుకి వచ్చి, "సుభానీ బాబాయ్, ఆ రోజు నోరు మూసుకుని ఉండాల్సింది నేను. హైమ పిన్నిని మళ్ళీ కూర్చోబెడదాం" అంది. చేతిలో మూడో ఎడిషన్!

ఇక దీన్ని ఏమని వర్ణించను? నున్నటి కాగితం, పేజీకో రంగుల బొమ్మ, పట్టుకుంటే ఒక పసిపిల్లంత బరువు. పట్టికలన్నీ ఎగిరిపోయాయి, అది మాత్రం మెచ్చుకోవాలి. అయితే అందులో ఎవరూ చావరు. అంకె తప్పినా కథ ముందుకే. ఓడిపోతే ఒక చీటీ ఇస్తారు, ఆ చీటీతో తరవాత గెలవచ్చు. మొదటి ఎడిషన్‌లో పులి ఉంటే పులే. రెండో దానిలో పులి గోళ్ళకు పట్టిక. మూడో దానిలో పులికి మీ మీద జాలి!

హైమ వచ్చింది. రిటైరైంది, జుట్టు నెరిసింది, కళ్ళజోడు వచ్చింది. జాహ్నవి చేతులు పట్టుకుని అడిగితే కాదనలేక వచ్చింది. గంటసేపు మూడో ఎడిషన్ ఆడారు. కనకం రాయి మీంచి దిగింది, తెరచాప దొరికింది, తప్పిన ప్రతి అంకెకూ చీటీ వచ్చింది. ఏడో దీవి కనుచూపు మేరలోకి వచ్చేసింది. పతంజలి ఉత్సాహంగా, "ఇంకొక్కటి, హైమ గారూ!" అన్నాడు.

హైమ చీటీలన్నీ బల్ల మీద పెట్టేసింది. "బావుందమ్మా జాహ్నవీ, నా మనసు కష్టపెట్టకూడదని తెచ్చావు. కానీ ఓడిపోయే దారే లేకపోతే, గెలిచానని నేనెట్లా నమ్మను? కనకాన్ని ఎవరో ఎత్తుకుని తీసుకెళ్ళి దింపినట్టుంది." మేకు వైపు చూసింది. "ఆ సంచీ ఉందా ఇంకా?"

ఉందా అంటుందేమిటండీ! ఉన్నాను! ఇక్కడే ఉన్నాను!

"అది తప్పు ఆట కదా పిన్నీ" అంది జాహ్నవి.

"తప్పుగానే ఆడదాం. ఆ తప్పులోనే కదూ నాకు బతుకు మీద ఆశ పుట్టింది!"

సుభానీ అప్పటికే స్టూలెక్కేశాడు. పతంజలి ఇంటికి పరుగెత్తి, చెదలు ఒక మూల తిన్న స్పైరల్ పుస్తకం పట్టుకొచ్చాడు. మమ్మల్ని బల్ల మీద కుమ్మరించి లెక్కపెట్టారు. ఇరవైకి ఇరవై! కనకాన్నీ ఫకీరప్పనూ మళ్ళీ పాత రాతి దగ్గరే పెట్టారు. జాహ్నవి కూడా ఒక మనిషిని రాసుకుంది, చుక్కలు చూసి దారి చెప్పే పిల్లను. సంచీ మూతి బిగించి పతంజలి గలగలలాడించాడు. పద్నాలుగేళ్ళ తరవాత ఆ కుదుపు! అమ్మమ్మా, ఏమి సుఖం!

మొదలైంది. హైమ చేతికి పదకొండు వచ్చింది, చాలలేదు, పడవలోకి నీళ్ళు. జాహ్నవికి పదిహేడు, మబ్బులు విడిపోయాయి. సుభానీకి రెండు, ఫకీరప్ప చెయ్యి నలిగింది. "రెండు పోయిందండోయ్!" అని ముగ్గురూ చప్పట్లు. జాహ్నవి విడ్డూరంగా చూసింది. కాసేపటికి పాత లెక్కలు ఒంటబట్టాయి ఆ పిల్లకి కూడా. "మూడు, అయిదు ఇంకా లోపలే ఉన్నాయి పిన్నీ, ఆగు, నేను ముందు పాట పాడతాను" అని, అవసరం లేకపోయినా తుఫానులో పాట పాడి మూడు తన మీద వేసుకుంది. గొంతు పోయింది. ఆ చుక్కల పిల్లను అటుగా వచ్చిన ఓడవాళ్ళు ఎక్కించుకున్నారు. "ఇది... ఇది పాచికతో జరగదు!" అని జాహ్నవి స్టూలు మీంచి లేచి నిలబడింది. "ఇంకొకళ్ళ దురదృష్టాన్ని మనం ముందే తీసేసుకోవచ్చు! నేను ఎమ్మెస్సీ చేసి కూడా ఇది చూడలేదేంటి?"

ఒక్కొక్కరే వెళ్ళిపోయారు సంచీలోంచి. పద్నాలుగు, ఎనిమిది, పంతొమ్మిది. లోపల చోటు పెరుగుతోంది. చివరికి ఇద్దరమే మిగిలాం. నేను, ఒకటోవాడు.

పతంజలి బల్ల మీది పద్దెనిమిదింటినీ రెండుసార్లు లెక్కపెట్టాడు. "పడవ ఆఖరి రాతికి తగులుకుంది. ఒకరు దిగి నెట్టాలి, ఒకరు చుక్కాని పట్టాలి. ఇద్దరూ తియ్యాలి. ఒకటి వచ్చిన మనిషిని సముద్రం తీసుకుంటుంది. ఇరవై వచ్చిన మనిషి ఏడో దీవి ఎక్కుతాడు. ఎవరు ముందో మీరే తేల్చుకోండి."

హైమ చెయ్యి చాపింది, మళ్ళీ వెనక్కి తీసుకుంది. "నా చెయ్యి సంగతి మీకు తెలుసు కదండీ" అంది.

"నేను ముందు తీస్తానండి" అన్నాడు సుభానీ.

"బాబాయ్, ముందైనా తరవాతైనా సగం సగమే. లెక్క ఒకటే" అంది జాహ్నవి.

"లెక్క ఒకటేనమ్మా. చెయ్యి ఒకటి కాదు. ఒకటోది రావాలంటే నా చేతికే రానీ. ఆవిడ చేత్తో ఆవిడ కనకాన్ని ముంచొద్దు."

ఆ పెద్ద చెయ్యి సంచీలోకి దిగింది. మొట్టమొదట తగిలింది నేనే! బొటనవేలు నా మీద పడింది. అయ్యో, అయ్యో, నన్ను తీస్తున్నాడు, అయిపోయింది కనకం పని అనుకున్నాను. అరవాలనిపించింది. బయట పతంజలి "ఒకటి" అన్నాడు. బొటనవేలు కదల్లేదు. వెంట్రుకంత తీగను వేళ్ళతో పట్టి ఎంత లావో చెప్పగల చెయ్యి అది. "రెండు" అన్నాడు పతంజలి. ఆ వేలు నా గుంటలో మెల్లగా తిరిగింది. రెండు అంకె వంపు తడిమింది. సున్నా చుట్టూ ఒక చుట్టు వచ్చింది. జన్మలో ఎవరినీ తడమనివ్వని మనిషి, చట్టం పెట్టిన మనిషి, నన్ను చదివాడు! చదివి, నన్ను అడుగుకు నెట్టేసి, పక్కనున్న ఒకటోవాణ్ణి పట్టుకున్నాడు. "మూడు!"

"అయ్యయ్యో!" అన్నాడు సుభానీ, ఒకటోది బల్ల మీద పెడుతూ. నటన ఆయనకు చేతకాదు. కానీ ఆ గోలలో ఎవరు చూస్తారు? ఫకీరప్ప పడవను నెట్టి, అల కింద మునిగిపోయాడు. పతంజలి చెప్పేది ఆపి కళ్ళు తుడుచుకున్నాడు.

ఇప్పుడు హైమ వంతు. సంచీలో ఉన్నది నేనొక్కదాన్నే, అందరికీ తెలుసు. ఆవిడ జీవితంలో మొదటిసారి భయం లేకుండా చెయ్యి పెట్టింది. తొందరపడలేదు. నన్ను పట్టుకుని, పిడికిట్లో బిగించి, గుండెకు ఆనించుకుని, అప్పుడు బల్ల మీద పెట్టింది. ఇరవై! జాహ్నవి కేక విని కింద వీధిలో రిక్షావాడు తలెత్తి చూశాడట. మేం కేకలేస్తున్నాం, మేం ఇరవై మందిమీ బల్ల మీద ఎగురుతున్నాం. ఎగిరింది పతంజలి బల్ల గుద్దుడుకేననుకోండి, ఎగిరాం కదా!

"మొదట కాలు పెట్టినవాళ్ళు దీవికి పేరు పెట్టాలి హైమ గారూ, పుస్తకంలో ఉంది" అన్నాడు పతంజలి.

హైమ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "ఫకీరప్ప దీవి" అంది.

సుభానీ ఏదో పడిపోయినట్టు బల్ల కిందికి వంగాడు. చాలాసేపటికి గానీ లేవలేదు. హైమ ఆయన వైపు జాలిగా చూసి, "పాపం, సుభానీ గారూ. మీ చెయ్యి కూడా నా చెయ్యిలాంటిదేనండీ" అంది.

"ఆయ్, ఏం చేస్తామండీ" అన్నాడాయన టీ గ్లాసులు పోగుచేస్తూ. "అందరికీ మంచి చెయ్యి ఎక్కడినుంచి వస్తుంది!"

నా వైపు మాత్రం చూడలేదు.